తొంభై తొమ్మిది దగ్గర

ఆఫీసులో అతన్ని అందరూ తక్కెడ అనేవాళ్ళు. వెక్కిరించడానికి పెట్టిన పేరే. పదకొండేళ్ళు గడిచేసరికి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అతను కూడా దానికే పలికేవాడు.

అక్కడ బొమ్మలు కదిలే వెబ్‌సైట్లు తయారుచేస్తారు. పేజీ తెరవగానే మబ్బులు విడిపోవాలి, భవనం నేలలోంచి మొలుచుకు రావాలి, వెనకాల సంగీతం మోగాలి. గీసేవాళ్ళు గీస్తారు, సంగీతం కట్టేవాళ్ళు కడతారు, అన్నీ కలిపి మూట కట్టేసరికి అది ఎత్తలేనంత బరువవుతుంది. ఆ మూట మామూలు మనిషి ఫోనుదాకా చేరాలంటే బరువు తగ్గాలి. తగ్గించేవాడు తక్కెడ. ఫోటోలోని ఆకాశాన్ని తీసేసి దాని చోట ఒక్క నీలిరంగు పరిచేవాడు. రెండు చెవులకీ వేరువేరుగా వినిపించే సంగీతాన్ని ఒక్క చెవికి దించేవాడు. ఫోను స్పీకరులో ఆ తేడా తెలిసేది కట్టినవాడికి ఒక్కడికే, వాడు వచ్చి పోట్లాడి వెళ్ళేవాడు. వాన కురిపించాలంటే బొమ్మలు గీసే అమ్మాయి మూడు వందల చినుకులు గీసి ఇచ్చేది. అతను అందులో ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ చెరిపేసి, ఆ ఒక్కదాన్నే కొంచెం వంచి, కొంచెం సాగదీసి మూడు వందల చోట్ల వాడుకునేవాడు.

“నా చినుకులన్నీ ఏం చేశారండీ?” అనేది ఆ అమ్మాయి నడుం మీద చెయ్యేసుకుని.

“ఒకటి ఉందిగా.”

“రేపు నా పెళ్ళి ఫోటో ఇస్తే నన్నొక్కదాన్నే ఉంచి, చుట్టాలందరి మొహాల్లోనూ నన్నే అతికించేలా ఉన్నారు.”

“ఫైలు తేలిగ్గా ఉంటుంది,” అనేవాడు తలెత్తకుండా.

ఈ పొదుపు అతనికి ఏ కాలేజీలోనూ అబ్బలేదు. అన్న దగ్గర అబ్బింది. అన్న దర్జీ. నది ఒడ్డున, ఊరు మొత్తంలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న వీధిలో ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి ఆ వెనక గదిలోనే పెంచి పెద్దచేశాడు. బట్ట పరిచి, కాగితం అచ్చులు ఇటు తిప్పి అటు తిప్పి, చొక్కాకి చాలదని ఇంకో దర్జీ వెనక్కిచ్చిన బట్టలో చొక్కా తీసి, పైగా జేబుకి ముక్క మిగిల్చేవాడు. బల్ల కింద కూర్చుని పలక మీద లెక్కలు చేసుకుంటూ ఆ చేతుల్నే చూస్తూ పెరిగాడు తక్కెడ. వదిన గుండీలు కుట్టేది, కాజాలు తీసేది. మోకాళ్ళు అరిగిపోయాక నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. నోటికి మాత్రం ఏ నొప్పీ రాలేదు.

“మీ అన్న బట్ట మిగిలిస్తాడు, నువ్వు కరెంటు ఏదో మిగిలిస్తావు. ఈ ఇంట్లో దేన్నీ మిగల్చనిది నేనొక్కదాన్నే నాయనా, మాటలు కూడా,” అనేది.

ఆఫీసులో తక్కెడ సొరుగులో ఒక పాత ఫోను ఉండేది. మూల పగిలిన తెర, నెమ్మదిగా నడిచే సిమ్ము. అచ్చంగా అలాంటిదే అన్న దగ్గర కూడా ఉంది. రెండూ ఒకే రోజు కొన్నవి. ఏ పేజీ పూర్తయినా దాన్ని ముందు ఆ పాత ఫోనులో తెరిచి, గోడ గడియారం చూసేవాడు. ఆఫీసులో మిగతావాళ్ళు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు చూసుకుని “భలే వచ్చింది” అనుకునేవాళ్ళు. రాకేం చేస్తుంది? వాళ్ళే తయారుచేసిన ఫైలు వాళ్ళ మెషీన్లోనే దాచి ఉంటుంది. బయట నుంచి ఏదీ రానక్కర్లేదు. సొంత వంటింట్లో గరిటె ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పినట్టు. అన్న ఫోనులో తెరుచుకుంటే లోకంలో అందరికీ తెరుచుకున్నట్టేనని తక్కెడ లెక్క.

ఒక ఏడాది, ఎగువన ఆనకట్ట గేట్లు చెప్పాపెట్టకుండా ఎత్తేశారు. పల్లపు వీధిలో నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. అన్న కుట్టిన బట్టలన్నీ బురదలో తడిసి ముద్దయ్యాయి. గొడవలయ్యాయి, అర్జీలు వెళ్ళాయి. చివరికి నీటి శాఖ ఒక వెబ్‌సైట్ పెట్టాలనుకుంది. నీటిమట్టం ఎంత, గేట్లు ఎప్పుడు ఎత్తుతారు, ఏ వీధివాళ్ళు ఖాళీ చేయాలి, అన్నీ అందులో కనిపించాలి. ఆ పని వీళ్ళ ఆఫీసుకి వచ్చింది.

తక్కెడ ఆ రోజు సాయంత్రమే అన్నకి చెప్పాడు.

“అంటే మాకోసమే చేస్తున్నావన్నమాట,” అన్నాడు అన్న, మెడలో టేపు సర్దుకుంటూ.

“గేట్లు ఎత్తాక నీళ్ళు ఇక్కడికి రావడానికి రెండున్నర గంటలు పడుతుందన్నయ్యా. ఆలోగా నీకు కబురు అందితే చాలు.”

“రెండున్నర గంటలంటే మీ వదినని వీపు మీద వేసుకుని వీధి చివరి మేడదాకా నాలుగుసార్లు తిప్పుకు రావచ్చు.”

“ఎందుకు, ఊరేగింపా?” అంది వదిన లోపల్నుంచి.

పని ఇంతే. రెండున్నర గంటల్లో ఒక అంకె, ఒక వాక్యం పల్లపు వీధిలోని ఫోనులకు చేరాలి. అక్షరాలుగా రాస్తే రెండు కిలోబైట్లు. తక్కెడ మొదటి రోజే ఆ పేజీ తయారుచేసి పెట్టుకున్నాడు. బొమ్మ లేదు, రంగు లేదు. పాత ఫోనులో వేలు తీసేలోగా తెరుచుకుంది.

నీటి శాఖ ఆఫీసరు దాన్ని పైకీ కిందకీ జరిపి చూశాడు. తర్వాత యజమాని వైపు తిరిగాడు.

“ఇదేంటండీ, సంతాప సందేశంలా ఉంది?”

యజమాని నవ్వాడు. “ఇది ఊరికే మావాడు ప్రయత్నించిందండీ. అసలుది చూపిస్తాను.”

అసలుది గోడంత తెర మీద వేశారు. కొండల మీద మబ్బులు కమ్మాయి, వాన కురిసింది, ఆనకట్ట గేట్లు ఒక్కొక్కటే లేచాయి, నీళ్ళు తెరంతా నిండాయి, ఆ నీళ్ళలోంచి అంకె పైకి తేలింది. ఆఫీసరు కుర్చీలో ముందుకి వంగాడు. ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళు వస్తారు, ఇదే తెర మీద చూపించాలి, మొదట్లో శాఖాధిపతి గొంతుతో నాలుగు మాటలు కూడా పెట్టండి అన్నాడు.

నలభై మెగాబైట్ల ఆ మూటని తక్కెడ నెల రోజులు కూర్చుని ఆరుకి దించాడు. శాఖాధిపతి గొంతు కలిసేసరికి మళ్ళీ తొమ్మిదైంది. ఆ గొంతు జోలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

“కనీసం అంకెని ముందు చూపిద్దాం సార్,” అన్నాడు. “బొమ్మ వెనకాల నెమ్మదిగా వస్తుంది.”

“అంకె ముందే కనిపిస్తే మిగతాది ఎవడు చూస్తాడయ్యా?” అన్నాడు ఆఫీసరు. అందులో ఆయనకి తప్పేమీ కనిపించలేదు.

“ఇక్కడ రెండు సెకన్లలో వస్తోంది కదా,” అన్నాడు యజమాని.

తక్కెడ సొరుగు లాగి పాత ఫోను తెచ్చి బల్ల మీద పెట్టి పేజీ తెరిచాడు. తెల్లటి తెర. ముగ్గురూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. నిమిషమైంది, రెండు నిమిషాలయ్యాయి. యజమాని ముందున్న టీ మీద మీగడ కట్టింది. నాలుగో నిమిషానికి మబ్బులు కదిలాయి.

ఆఫీసరు మొహం చిట్లించాడు. అయితే ఆయన్ని బాధించింది నాలుగు నిమిషాలు కాదు, ఆ తెల్లదనం. “ఇలా ఖాళీగా ఉంటే పనిచెయ్యట్లేదనుకుంటారు. శాఖకి చెడ్డపేరు. ఏదన్నా కదులుతూ కనిపించాలి.”

అప్పుడు తక్కెడ ఒక పట్టీ పెట్టాడు. ఫైలు ఎంత వచ్చిందో చూపించే నీలి పట్టీ, పక్కన అంకె. పాత ఫోనులో అది ఒకటి, రెండు, మూడు దగ్గర చాలాసేపు ఆగి, ముక్కుతూ మూలుగుతూ కదిలేది. ఉన్నది ఉన్నట్టు చెప్పే పట్టీ అది. ఆఫీసరుకి అదీ నచ్చలేదు.

“వీడు మూడు దగ్గర కూర్చున్నాడేంటండీ? జనం విసుక్కుని మూసేస్తారు.”

యజమాని తక్కెడని పక్కకి పిలిచాడు. “అందరూ చేసేదేగా. గడియారానికి కట్టెయ్. గబగబా తొంభై తొమ్మిదికి తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టు. ఫైలు వచ్చాక నూరవుతుంది. అంతదూరం వచ్చాక ఎవడూ మూయడు.”

అది నిజంగా అందరూ చేసేదే. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి అది అబద్ధం అనిపించడం ఎప్పుడో మానేసింది. తక్కెడ పదకొండేళ్ళుగా చెయ్యనిది ఆ మధ్యాహ్నం అరగంటలో చేశాడు. నలభై సెకన్లలో పట్టీ తొంభై తొమ్మిదికి చేరుతుంది. చచ్చినట్టు కనిపించకుండా చివర ఒక చినుకు వేలాడుతూ ఊగుతూ ఉంటుంది. అదే చినుకు, మూడు వందల్లో మిగిల్చినది. ఆఫీసరు చూసి, “ఇదీ పద్ధతి,” అన్నాడు. రెండు కిలోబైట్ల పేజీని తక్కెడ చెరపలేదు. ప్రారంభోత్సవం అయ్యాక మెల్లగా ఒప్పించి పెట్టిద్దామనుకున్నాడు. ప్రారంభోత్సవం అయింది. ఆ తర్వాత ఇంకో పని వచ్చింది, దాని వెనక ఇంకోటి.

ప్రారంభమైన వారానికి అన్న ఫోన్ చేశాడు.

“ఒరేయ్, నీ పేజీ తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయిందిరా. మూసి మళ్ళీ తెరిచాను. మళ్ళీ అక్కడే.”

“మూయకన్నయ్యా. మూస్తే వచ్చిందంతా పోయి మళ్ళీ మొదట్నుంచి వస్తుంది. ఆ చినుకు ఊగుతోందంటే వస్తున్నట్టే. అలాగే పట్టుకుని కూర్చో.”

అన్న పట్టుకుని కూర్చున్నాడు. నాలుగు నిమిషాలకి వచ్చింది. అన్న మళ్ళీ చేసిన ఫోనులోంచి వదిన గొంతు వినిపించింది: “అబ్బో, నీళ్ళు నిజంగా ఉన్నట్టే ఉన్నాయి నాయనా, కొంగుతో ఫోను తుడవబోయాను!”

తక్కెడ కూడా నవ్వాడు. తను చెప్పినదాంట్లో సగం నిజం. మూస్తే మొదట్నుంచి రావాల్సిందే. మిగతా సగం ఏమిటో చెప్పాలంటే పట్టీ సంగతంతా చెప్పాలి. తన పనిలో తను సిగ్గుపడేది అదొక్కటే, అదీ అన్నకి ఎందుకు చెప్పడం అనుకున్నాడు.

రెండో ఏడు వానలు ముందుగా వచ్చాయి. మూడు రోజులు తెరిపి లేదు. నాలుగో రోజు పొద్దున పదింటికి గేట్లు ఎత్తారు. ఊరు ఊరంతా ఒకేసారి ఆ పేజీ తెరిచింది. ఒక్కొక్క ఫోనూ తొమ్మిది మెగాబైట్లు అడుగుతోంది. సర్వరు ఎవరికీ కాదనకుండా అందరికీ చెంచాడు చెంచాడు పోస్తోంది. ఎవరికీ గొంతు తడవడం లేదు.

ఆఫీసులో పేజీ ఎప్పట్లాగే రెండు సెకన్లలో తెరుచుకుంది. అందులో నిన్నటి అంకె ఉంది.

“బాగానే ఉందిగా,” అన్నాడు యజమాని.

తక్కెడ పాత ఫోనులో తెరిచాడు. నలభై సెకన్లకి తొంభై తొమ్మిది. పదిన్నర అయింది. చినుకు ఊగుతూనే ఉంది. అన్నకి ఫోన్ చేస్తే లైన్లన్నీ రద్దీగా ఉన్నాయని ఆడగొంతు చెప్పింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ చెప్పింది. నీటి శాఖకి ఫోన్ చేస్తే ఎప్పటికో ఒక గుమాస్తా ఎత్తి అంకె చెప్పి, పల్లపు వీధి పన్నెండున్నరలోగా ఖాళీ అవ్వాలని చెప్పి పెట్టేశాడు. పల్లపు వీధికి పోయే వంతెన మీద అప్పటికే రాకపోకలు ఆపేశారు.

“సార్, ఆ బొమ్మ తీసేసి అక్షరాల పేజీ పెట్టేస్తాను.”

“ఆఫీసరు సంతకం లేకుండానా? ఆయన ఫోన్ ఎత్తట్లేదు. కాస్త ఓపిక పట్టు.”

“అక్కడ మా అన్నయ్య ఉన్నాడు సార్.”

“అందరికీ ఎవరో ఒకరు ఉంటారయ్యా,” అన్నాడు యజమాని. చెడ్డగా ఏమీ అనలేదు. బాధగానే అన్నాడు.

తక్కెడ వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, ఎవరినీ అడక్కుండా పని మొదలుపెట్టాడు. ఆ ఇరుకులో సర్వరులోకి దూరడానికే ఇరవై నిమిషాలు పట్టింది. పదకొండూ నలభైకి బరువైన పేజీ దిగిపోయి, దాని చోట రెండు కిలోబైట్ల పేజీ నిలబడింది. పాత ఫోనులో మూసి తెరిచాడు. వేలు తీసేలోగా వచ్చింది. అంకె. కింద ఒక వాక్యం: పల్లపు వీధివారు పన్నెండున్నరలోగా మేడల మీదికి వెళ్ళిపోవాలి. ఇంకా యాభై నిమిషాలుంది. తక్కెడ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మూసి మళ్ళీ తెరిచినవాళ్ళకే ఇది కనిపిస్తుంది. పాత పేజీ తెరుచుకుని కూర్చున్నవాళ్ళకి ఆ చినుకే ఊగుతుంది.

మూయకన్నయ్యా అని చెప్పింది తనే.

ఆ యాభై నిమిషాల్లో అతను నూట పద్నాలుగు సార్లు ఫోన్ చేశాడు.

పల్లపు వీధిలో సంగతులు తర్వాత తెలిశాయి. పక్కింటి వడ్రంగి విసుగొచ్చి ఫోను మూసి తెరిచాడు, అంకె చూశాడు, పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తాడు. పోతూ పోతూ దర్జీ తలుపు బాదాడు. “పోదాం రండి, ఖాళీ చెయ్యమంటున్నారు!”

“నువ్వు పద. మా తమ్ముడి పేజీ వచ్చేస్తోంది. తొంభై తొమ్మిది అయింది,” అన్నాడు అన్న. “పోయిన నెల కూడా ఎవరో ఇలాగే అంటే ఈవిణ్ణి వానలో మోసుకెళ్ళి, ఏమీ లేదని మళ్ళీ మోసుకొచ్చాను. రెండు రోజులు మోకాళ్ళు పట్టేసి ఏడ్చింది. అదేదో చూసుకుని వస్తాం.”

భార్యాభర్తలిద్దరూ కత్తిరింపు బల్ల దగ్గర, మధ్యలో ఫోను పెట్టుకుని కూర్చున్నారు. మిగతా వీధి దాదాపు ఖాళీ అయింది. నీళ్ళు ముందు వెనక తలుపు కింద నుంచి వచ్చాయి, తర్వాత తలుపుతో సహా వచ్చాయి. అన్న వదినని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు బల్లని లేపాయి. అన్నని మధ్యాహ్నం ఎవరో తాడు వేసి పైకి లాగారు. వదిన మర్నాడు వీధి చివరి మేడ మెట్ల దగ్గర దొరికింది.

వారం తర్వాత ఆఫీసులో సమావేశం పెట్టారు. బరువు పేజీ తీసేసి తేలిక పేజీ పెట్టడం శాఖ ముందుచూపేనని ఆఫీసరు అప్పటికే పేపర్లకి చెప్పేశాడు. అంచేత తక్కెడని ఎవరూ ఏమీ అనలేదు. యజమాని సర్వరు లెక్కలు తీసి గోడ తెర మీద వేయించాడు.

“ఒకటి మాత్రం గమనించండి. పేజీ రాకపోయినా జనం కదల్లేదు. సగటున నలభై ఒక్క నిమిషాలు ఆ పట్టీ చూస్తూ కూర్చున్నారు. మనం చేసిన ఏ సైటులోనూ ఎవరూ ఇంతసేపు ఉండలేదు.”

బొమ్మలు గీసే అమ్మాయి లేచి బయటికి వెళ్ళిపోయింది. తక్కెడ కూర్చునే ఉన్నాడు. తెర మీది లెక్కల్లో ఏ ఫోనుకి ఎంత వెళ్ళిందో వరసగా ఉంది. ఆ పాత రకం ఫోనులు ఊళ్ళో రెండే మిగిలినట్టున్నాయి. ఒకటి తన సొరుగులోది. రెండోదాని ఎదురుగా ఉన్న అంకెని అతను చూశాడు.

అన్న ఒక బడి గదిలో తలదాచుకున్నాడు. బల్లలన్నీ గోడకి జరిపి, నేల మీద దుప్పట్లు పరిచారు. ఎవరో ఇచ్చిన చొక్కా, భుజాల దగ్గర వదులు. ఇంకో రోజైతే ఆ కుట్టు చూసి తిట్టేవాడు. మెడలో టేపు ఉంది, నీళ్ళకి నాని ఎండి గట్టిపడింది. చేతిలో ఫోను ఉంది. అది ఇక వెలగదు.

తక్కెడ పక్కన కూర్చున్నాడు.

“మూయలేదురా,” అన్నాడు అన్న. “మీ వదిన అంది, ఓసారి మూసి చూడండి అని. రెండుసార్లు అంది. నేనే వద్దన్నాను. వాడు చెప్పాడు కదా, వచ్చిందంతా పోతుందని. ఇంకొక్కటే కదా ఉంది అన్నాను.”

తక్కెడ తల వంచుకున్నాడు.

“అంతసేపు ఆ తొంభై తొమ్మిది దగ్గర ఏం చేస్తోందిరా అది?”

సర్వరు నిండిపోయిందనో లైన్లు రద్దీ అనో చెప్పొచ్చు. అన్న నమ్ముతాడు. ఏది చెప్పినా నమ్ముతాడు, దానివల్లే ఇక్కడ కూర్చుని ఉన్నాడు.

“ఏమీ చెయ్యట్లేదన్నయ్యా.”

“ఊగుతోందే?”

“ఊగేట్టు నేనే పెట్టాను. తొంభై తొమ్మిది కూడా నేనే పెట్టాను. అది ఫైలుని చూసి కదల్లేదు. గడియారం చూసి కదిలింది. అందరికీ అలాగే చూపిస్తుంది.”

అన్నకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కోపం రాలేదు. పని చేసుకు బతికేవాడి మొహం ఒకటి ఉంటుంది, కొలత ఎక్కడ తప్పిందో వెతికేటప్పటి మొహం, అది వచ్చింది.

“మరి నిజంగా ఎంత వచ్చింది?”

“ఆరు.”

“నూటికా?”

“నూటికి.”

అన్న మెడలోంచి టేపు తీశాడు. గట్టిపడిన మడతల్ని మోకాలి మీద సాపుచేసి, సెంటీమీటర్ల వైపు తిప్పి, ఆరు మీద బొటనవేలి గోరు ఆనించాడు. ఇంకో చేత్తో టేపుని మెల్లగా లాగుతూ పోయాడు. యాభై దాటింది, డెబ్భై దాటింది. చెయ్యి చాలనంత దూరం వచ్చాక, “పట్టుకో,” అన్నాడు.

తక్కెడ తొంభై తొమ్మిది దగ్గర పట్టుకున్నాడు. మధ్యలో ఉన్న ఖాళీని ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.